వెండి పరీక్ష: ఉలి మొదలు ఎక్స్-కిరణము వరకు

క్రీస్తుకు పూర్వము 375వ సంవత్సర ప్రాంతమున ఏథెన్సు నగర పౌరులు ఒక చట్టము చేసుకొన్నారు. దాని ప్రకారము వెండి నాణెములను పరీక్షించే వాడొకడు నిత్యము అంగడిలో కూర్చుండవలెను. అతడు ప్రభుత్వపు బానిస. అయినను అతడు మంచిదని ఒప్పుకొన్న నాణెమును ఏ వర్తకుడును కాదనుటకు వీలులేదు. లోపల కంచుగాని సీసముగాని ఉన్న నాణెము చేతికి వచ్చినచో దానిని అక్కడికక్కడే అడ్డముగా కోసివేయవలెను. అతడు పనికి రాకపోయినా, సరిగా చూడకపోయినా ఏబది కొరడా దెబ్బలు. ఈ చట్టము చెక్కిన రాతిపలక 1970లో ఏథెన్సు పాత అంగడి త్రవ్వకములలో దొరికినది.

కోసి చూడవలసిన అవసరమేమి? రాగిబిళ్ళకు పలుచని వెండిరేకు తొడిగి, కాచి అతికించి, ముద్ర కొట్టినచో పైకి అది అచ్చమైన వెండి నాణెమే. తెల్లనివన్నీ పాలని నమ్మేవాడు మోసపోక తప్పదు. కన్ను అడిగే ప్రశ్నకు జవాబు చెప్పేది పైపొర. ఉలి అడిగే ప్రశ్నకు జవాబు చెప్పేది లోపలి లోహము. పరీక్ష అనగా లోహమును ఒక ప్రశ్న అడుగుట. మోసగాడు ఆ ఒక్క ప్రశ్నకు జవాబు సిద్ధము చేసుకొని వస్తాడు. అందుచేత ప్రతి పరీక్ష విషయమునను రెండు సంగతులు తెలిసియుండవలెను: అది అడిగేదేమిటి? ఎంత లోతు వరకు అడుగుతుంది?

మన దేశములో కౌటిల్యుని అర్థశాస్త్రము నాణెములను పరీక్షించే అధికారిని 'రూపదర్శకుడు' అని పేర్కొన్నది. మలినమైన వెండిని నాలుగవ వంతు సీసముతో శుద్ధి చేయవలెనని కూడ చెప్పినది. సీసముతో పనియేమి? రెంటిని కలిపి గాలి తగిలేటట్లు కాచినప్పుడు సీసమును, వెండిలో కలిసియున్న రాగియు ప్రాణవాయువుతో కూడి ఆక్సైడులుగా మారుతవి. ఎముకల బూడిదతో చేసిన మూస ఆ ద్రవమును పీల్చుకొంటుంది. వెండి మాత్రము మారక ముత్యమువలె మిగులుతుంది. ముందు వెనుకల తూకములను పోల్చి చూచినచో ఎంత వెండి ఉన్నదో తేలుతుంది. ఈ పుటపు పరీక్ష అనేక శతాబ్దముల పాటు టంకసాలలకు ఆధారమైనది.

అయితే ఇందులో ఒక లోపము కలదు. వెండిలో స్వల్ప భాగము మూసలో ఇంకిపోవును. కొంత ఆవిరియై పోవును. టన్నులకొలది వెండి కొనే టంకసాలకు ఆ స్వల్పమే పెద్ద లెక్క. ఫ్రెంచి రసాయనికుడు గే-లూసాక్ నిప్పును విడిచి నీటిని ఆశ్రయించినాడు. వెండి తునకను నత్రికామ్లములో కరిగించి, అందులో ఉప్పునీరు పోసినచో తెల్లని పెరుగువంటి సిల్వర్ క్లోరైడు అడుగున పడుతుంది. 100 ఘన సెంటీమీటర్ల ద్రావణము సరిగా ఒక గ్రాము వెండిని పడగొట్టేటట్లు ఆయన ఉప్పు పాలు నిర్ణయించినాడు. ఇక ఎన్ని చుక్కలు పట్టినవో లెక్కించుటయే. 1832లో ప్రకటించిన ఈ పద్ధతిలో తప్పు వేయింట అరపాలు మాత్రమే. వంటింటి ఉప్పు వెండికి న్యాయాధికారి అయినది!

మన రూపాయి చరిత్ర మరొక పాఠము చెప్పుతుంది. 1835 చట్టము ప్రకారము రూపాయి తూకము 180 గ్రెయినులు. అందులో పన్నెండింట పదకొండు పాళ్ళు వెండి. షరాబు దానిని రాతిపై వేసి, మోత విని, చెల్లునో చెల్లదో చెప్పేవాడు. యుద్ధకాలమున, 1940లో, ప్రభుత్వమే వెండిని సగమునకు తగ్గించినది. మిగిలిన సగము రాగి, నికెలు, జింకు. తూకము మాత్రము మారలేదు. 1947 నాటి రూపాయి నికెలుది. దానిలో వెండియే లేదు. ఇవి దొంగనాణెములు కావు. అయినను పాత రూపాయలను వెండి ధరకు కొనేవాడు వాటిపై సంవత్సరము చూడకపోయినచో సగమో, సర్వమో నష్టపోవును.

తూకము చాలదు కనుక సాంద్రత చూతము. వెండి నీటికంటె 10.49 రెట్లు బరువైనది. కిలో కడ్డీని దారముతో నీటిలో వ్రేలాడదీసినచో దాని తూకము సుమారు 95 గ్రాములు తగ్గవలెను. రాగియైనచో 112, సీసమైనచో 88 గ్రాములు తగ్గును. రాగిని దాచిన కడ్డీ ఇక్కడ దొరికిపోవును. కాని ఆరు పాళ్ళ సీసములో ఒక పాలు తగరము కలిపినచో సాంద్రత ఇంచుమించు వెండితో సమానమగును! నీరు మోసపోవును. అయితే సీసము మెత్తనిది; వెండివలె ఖంగుమని మోగదు. సాంద్రతలో గెలిచినది మోతలో ఓడును.

2025లో వెండి ధర బాగా పెరిగినది. ధర పెరిగినకొద్దీ కల్తీకి లాభము పెరుగును. కూడబెట్టిన సొమ్ముతో కడ్డీలు కొనేవారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. అయస్కాంతము ఇనుమును పట్టగలదు గాని రాగిని, సీసమును పట్టలేదు. మంచుముక్కను త్వరగా కరిగించుటలో రాగి వెండికి చాల దగ్గర. ఆమ్లపు చుక్క తాను పడిన చోటునే అడుగును. ఆకురాయితో గాటు పెట్టిన తరువాతనే దాని మాటకు విలువ. దుకాణములలోని ఎక్స్-కిరణ యంత్రము క్షణములో శాతము చెప్పుతుంది. కాని దాని చూపు కొన్ని పదుల మైక్రోమీటర్ల లోతుకే. దళసరి పూత దానిని కూడ మోసగించగలదు. కడ్డీ ఆ చివర నుండి ఈ చివర వరకు పోయి వచ్చేది అతిధ్వని తరంగము. దాని వేగము వెండిలో సెకనుకు సుమారు 3,600 మీటర్లు, రాగిలో 4,700, సీసములో 2,200.

భారత ప్రమాణముల సంస్థ 2005 నుండి వెండికి హాల్‌మార్కు ఇచ్చుచున్నది. 2025 సెప్టెంబరు 1 నుండి ఆ ముద్రలో అక్షరములు, అంకెలు కలిసిన ఆరు స్థానముల గుర్తింపు సంఖ్య చేరినది. దానిని సంస్థవారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూచుకొనవచ్చును. ముద్రను కూడ దొంగలించవచ్చు గనుక సంఖ్యను సరిచూచుట మరువరాదు.

కొనేవారు చేయవలసినది ఇంతే: ముద్రను, రసీదును చూచుట, తూకముతో పాటు నీటిలో తూకమును చూచుట, మోత వినుట, పెద్ద కడ్డీయైనచో అతిధ్వని పరీక్ష కోరుట. పైపొరను అడిగే పరీక్ష ఒకటి, లోపలిని అడిగే పరీక్ష ఒకటి, రెండును ఒకే మాట చెప్పిన తరువాతనే డబ్బు చెల్లించవలెను. కోసి చూచుటకు ఒప్పుకొనని అమ్మకందారుడు కనీసము నీటిలో తూచుటకైన ఒప్పుకొనవలెను. అందుకును ఒప్పుకొననిచో ఆ వెండిని అతని దగ్గరనే ఉంచి రావచ్చును.