రంగం వెళ్ళిన కూలీ, నడిచొచ్చిన శరణార్థి

ఉత్తరాంధ్ర పల్లెల్లో పాతతరం వాళ్ళు రంగూన్‌ని ‘రంగం’ అనేవారు. రంగం పోయాడంటే పని వెతుక్కుంటూ సముద్రం దాటాడని. బతుకుతెరువు కోసం వెళ్తే వలసకూలీ, ప్రాణం కోసం పారిపోతే శరణార్థి అంటాం కదా. ఈ రెండు మాటల మధ్య గీత ఎంత పల్చనో ఆ రంగం మనుషుల కథలో తెలుస్తుంది.

1869లో సూయజ్ కాలువ తెరుచుకుంది. బర్మా బియ్యానికి యూరప్ దగ్గరైంది. ఐరావతి డెల్టాలో అడవి కొట్టి వరి వేశారు. మిల్లులకీ రేవుకీ చౌకగా మనుషులు కావాలి. కాకినాడ, విశాఖ, భీమిలి నుంచి మనవాళ్ళు స్టీమర్ల డెక్కు మీద వెళ్ళారు. మేస్త్రీ ముందు అప్పిచ్చేవాడు, తర్వాత కూలిలో కోసుకునేవాడు. కోరంగి రేవు పేరుతో అక్కడ వీళ్ళని ‘కోరంగీలు’ అన్నారు.

1930 మేలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా వాళ్ళని పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తేలగానే వాళ్ళని పొమ్మన్నాయి. మే 26న మొదలైన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది భారతీయులే. కూలి రేటు నిర్ణయించిన కంపెనీల మీద మాత్రం ఒక్క దెబ్బా పడలేదు. ఆ తర్వాత మాంద్యంలో ధాన్యం ధర కూలింది. భూమి పోగొట్టుకున్న బర్మా రైతుకి ఎదురుగా కనిపించింది కూడా ఈ పరాయి కూలీయే.

1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. కూలీలు ప్రోమ్ వైపు నడక పట్టారు. రేవు ఆగితే యుద్ధ సామగ్రి దిగదు. అందుకని అధికారులు వేలమందికి నచ్చజెప్పి వెనక్కి తెచ్చారు. బాంబుల కింద పరిగెడుతున్నవాడు కూడా ప్రభుత్వం కంటికి లేబరే! 1942 మార్చిలో రంగూన్ చేజారాక మాత్రం ఎవరి దారి వాళ్ళదే. లక్షలమంది అరకాన్ కొండలు, మణిపూర్ అడవులు దాటారు. వేలమంది కలరాతో, మలేరియాతో, ఆకలితో దారిలోనే పోయారు. వాళ్ళ పేర్లు ఎవరూ రాసుకోలేదు.

1960లలో, బర్మా సైనిక ప్రభుత్వం దుకాణాలు స్వాధీనం చేసుకున్నాక, మిగిలినవాళ్ళలో చాలామంది తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంప్ అనే పేరు అలా మిగిలింది.

ఇవాళ సరిహద్దుల్లో అధికారులు అడిగే ప్రశ్న ఒకటే: పనికోసం వచ్చావా, ప్రాణభయంతో వచ్చావా? రేవులో బస్తాలు మోసి, అదే కాళ్ళతో అడవి దాటినవాడి దగ్గర ఈ ప్రశ్నకి ఒక్క మాట జవాబు లేదు.