లలిత గీతానికి జంట గొంతులు

గ్రామఫోను పాట విని పెరిగిన పెద్దలు మన సభ్యులలో ఇంకా కొందరున్నారు. ఆ కుక్కబొమ్మ రికార్డులపై జంటగా వినిపించిన పేర్లు సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి.

1922లో సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టిన రాజేశ్వరరావు బాల్యంలోనే రికార్డులకు పాడారు. 1935లో ‘శ్రీకృష్ణలీలలు’ చిత్రంలో కృష్ణుని వేషం వేశారు. పిదప కలకత్తా వెళ్ళి అక్కడి సంగీతపు పోకడలు గ్రహించి వచ్చారు. ఆయనకన్న ఆరేండ్లు చిన్నవారైన బాలసరస్వతి 1936 నాటి ‘సతీ అనసూయ’లో బాలనటి. 1940లో గూడవల్లి రామబ్రహ్మంగారి ‘ఇల్లాలు’లో ఇద్దరూ కలిసి నటించి పాడారు. ఆ సినిమాలో వారు పాడిన బసవరాజు అప్పారావు గీతం నేటికీ నిలిచింది.

సినిమాతో సంబంధం లేని ‘కోపమేల రాధా’ వంటి విడి పాటలు వారికి మరింత పేరు తెచ్చాయి. రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకు మించి పట్టదు. కచేరీ ఆలాపనకు గాని, నాటక పద్యపు సాగతీతకు గాని అందులో చోటు లేదు. పల్లవితో, రెండు మూడు చరణాలతో భావం పూర్తి కావాలి. ఆ ఇరుకులోనే తెలుగు లలిత గీతం రూపు దిద్దుకున్నది. పైగా చావి తిప్పే పెట్టెకు కరెంటు అక్కరలేదు. నాడు మన మక్తల్ నిజాం రాజ్యంలో ఉండేది, మద్రాసు ఇంగ్లీషువారిది. పాలన వేరైనా పాటకు సరిహద్దు లేదు. మద్రాసు–బొంబాయి రైలు మన కృష్ణ స్టేషన్ మీదుగానే పోయేది గదా!

1943లో ‘భాగ్యలక్ష్మి’కి పాడి బాలసరస్వతి తెలుగులో తొలి నేపథ్య గాయనిగా పేరొందారు. మరుసటి ఏడే కొలంక జమీందారుగారితో వివాహం. ‘దేవదాసు’ (1953) వంటి చిత్రాలకు పాడినా, క్రమంగా ఆ గొంతు వెండితెరకు దూరమైంది. రాజేశ్వరరావు మాత్రం ‘మల్లీశ్వరి’ (1951), ‘మిస్సమ్మ’ (1955) మీదుగా శిఖరానికెక్కారు. మనం యాభై ఎనిమిదేండ్లకు పదవీ విరమణ చేశాము. ఆమెకు సినిమా పాట ముప్పై దాటేసరికే దాదాపు ముగిసింది. ప్రతిభలో సమానులైన ఇద్దరిలో స్త్రీకి దక్కిన కాలం ఎంత తక్కువో గమనించండి.

రాజేశ్వరరావు 1999లో, బాలసరస్వతి 97 ఏండ్ల వయసులో 2025లో కన్నుమూశారు. మీ ఇంటి అటకపై పాత రికార్డులుంటే పాత సామాను వానికి వేయకండి. ఒక్కటైనా మనుమలకు వినిపించి, ఆ గొంతులెవరివో చెప్పండి.