ఫిలొత్రానో కూడలి

మికేలే స్కార్పోని ఇల్లు చేరిన ఆ సాయంత్రాన్ని తలుచుకుంటే, కాలాన్ని అక్కడే ఆపేయాలనిపిస్తుంది. 2017 ఏప్రిల్ 21, శుక్రవారం. ఆల్ప్స్ కొండల్లో ఐదు రోజుల సైకిల్ రేసు ముగించుకుని, ఇటలీలోని మార్కే ప్రాంతంలో ఫిలొత్రానో అనే చిన్న ఊళ్లో ఉన్న తన ఇంటికి వచ్చాడు. కవల కొడుకుల్ని వీపు మీదికి ఎక్కించుకుని ఆడించాడు. ఆ ఫోటోను లోకానికి చూపించి మురిసిపోయాడు. తెల్లారి ఎనిమిది దాటిన కాసేపటికే అతను లేడు.

అతనికి అప్పుడు 37 ఏళ్లు. ఆ వయసులో సైకిల్ వీరులు చాలామంది రేసులకు సెలవు చెప్పేస్తారు. స్కార్పోనికి మాత్రం అప్పుడే మళ్లీ తలుపు తెరుచుకుంటోంది. ఆ ఆల్ప్స్ రేసు తొలిరోజున, ఏప్రిల్ 17న, ఇన్స్‌బ్రుక్ కొండ మీద అందరికంటే ముందు గీత దాటాడు. 2013 తర్వాత అతనికి దక్కిన మొదటి గెలుపు అది. అతని ఆస్తానా జట్టు నాయకుడు ఫాబియో అరూ మోకాలి గాయంతో తప్పుకోవడంతో, మే నెలలో మొదలయ్యే ఇటలీ పెద్ద సైకిల్ రేసు, నూరవ జిరో డి ఇటాలియాలో జట్టును నడిపించే బాధ్యత స్కార్పోని మీద పడింది. ఏళ్ల తరబడి ఇంకొకరి గెలుపు కోసం గాలికి ఎదురొడ్డిన మనిషికి ఇన్నాళ్లకు మళ్లీ ముందు నిలబడే వంతు వచ్చింది.

అతని మంచితనానికి ఒక కొండే సాక్షి. 2016 జిరోలో 2,744 మీటర్ల కొల్లె దెల్ అన్యెల్లో శిఖరాన్ని అతనే మొదట దాటాడు. కళ్లెదుట దిగుడు దారి, చేతికందేంత దూరంలో గెలుపు. అయినా ఆగాడు. వెనక వస్తున్న తన నాయకుడు విన్‌చెంజో నీబాలి కోసం ఎదురుచూశాడు. అతను రాగానే ముందు నడిచి, ఒంట్లో ఉన్న శక్తినంతా అతనికే ధారపోశాడు. ఆ రోజూ నీబాలి గెలిచాడు, ఆ జిరో కూడా నీబాలే గెలిచాడు. అంతకు ముందు 2011లో స్కార్పోని తానే జిరో విజేత అయ్యాడు. కానీ అది దారి మీద దక్కిన గెలుపు కాదు. మొదట వచ్చిన కొంతదోర్‌ను మరుసటి ఏడు అనర్హుడిగా ప్రకటించాక కాగితం మీద చేరిన కిరీటం. జనం చప్పట్ల మధ్య జిరో విజేత గులాబీ చొక్కా తొడుక్కునే భాగ్యం అతనికి కలగలేదు.

అందుకే ఆ శనివారం పొద్దున్నే లేచాడు. ఐదు రోజుల రేసు అలసట ఒంట్లో ఉంది. ఆ ఒక్క పూట మంచం దిగకపోయినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. పిల్లలు మరో ఐదు నిమిషాలు కాళ్లకు చుట్టుకున్నా చాలు, ఆ కూడలి ఖాళీగా దాటిపోయేది. సైకిల్ ఎక్కాడు. పుట్టినప్పటి నుంచి ఎరిగిన దారి. ఆ దారిలో ఫ్రాంకీ అనే మకావ్ చిలుక ఎగిరొచ్చి అతని మీద వాలేది, కాసేపు అతనితోపాటే సాగేది.

కూడలిలో ఎదురుగా ఒక వ్యాన్ వచ్చింది. నడుపుతున్నది ఆ ఊరి మనిషే. దారి ఇవ్వాల్సింది వ్యాను. ఇవ్వలేదు. కళ్లలో ఎండ పడిందని, సైకిల్ కనపడలేదని అతను చెప్పాడు. అతని చూపు ఆ క్షణాన ఫోన్‌లో ఆడుతున్న వీడియో మీద ఉందని దర్యాప్తులో తేలినట్టు తర్వాత ఇటలీ పత్రికలు రాశాయి. ఒక్కసారి తలెత్తి ఉంటే! ఆ వీడియో మరో కూడలి దాకా ఆగి ఉంటే! రేసు సైకిల్ ఏడు కిలోలుంటుంది, వ్యాను టన్నుకు పైమాటే. ఆ రెంటి మధ్య మిగిలేది ఒక్క మనిషి చూపు. ఆ చూపు పక్కకు పోయింది.

ఇంటి దగ్గర పిల్లలున్నారు. ఫ్రాంకీ ఆ కూడలి దగ్గరికే వచ్చి వాలడం ఊరివాళ్లు చూశారు.

వాహనంతో మనిషి ప్రాణం తీయడాన్ని ప్రత్యేక నేరంగా చూసే చట్టాన్ని ఇటలీ సుమారు ఏడాది ముందు, 2016 మార్చిలో తెచ్చుకుంది. కానీ ఆ న్యాయమూ చివరిదాకా నడవలేదు. తీర్పు రాకముందే ఆ వ్యాన్ నడిపిన మనిషి జబ్బుతో చనిపోయాడు. ఆ ఇంటి దుఃఖాన్నీ కాదనలేం. కన్నీళ్లు రెండు వాకిళ్లలోనూ కారాయి.

నెల తిరక్కముందే, ఇటలీలోనే, సముద్ర తీరాన, రిమిని దగ్గర, మోటార్ సైకిల్ రేసుల ప్రపంచ విజేత నికీ హేడెన్ సైకిల్ మీద వెళ్తుండగా కారు ఢీకొట్టింది. మే 22న కన్నుమూశాడు. అక్కడ ఆగాల్సిన చోట అతను ఆగలేదు, కారూ హద్దు మించిన వేగంతో వచ్చింది. తప్పు ఇద్దరిదీ అయినచోట కూడా ప్రాణం పోయింది ఒక్కరిదే. సైకిల్ తొక్కేవాడు తన పొరపాటుకు తన ఒంటితోనే మూల్యం చెల్లిస్తాడు. కారు నడిపేవాడి పొరపాటుకు మూల్యం చెల్లించేది ఎదుటివాడు.

ఆ మర్నాడే, మే 23న, జిరో మోర్తిరోలో కొండ ఎక్కింది. నిర్వాహకులు ఆ శిఖరాన్ని స్కార్పోని పేరుకు అంకితం చేశారు. అతని జట్టు అతని స్థానంలో ఎవరినీ తీసుకోకుండా ఎనిమిదిమందితోనే వచ్చింది. శిఖరాన్ని అందరికంటే ముందు దాటింది అతని జట్టు సభ్యుడు లూయిస్ లియోన్ సాంచెజ్. ఆ రోజు రేసు గెలిచింది, అప్పటికి వేరే జట్టుకు వెళ్లిపోయిన నీబాలి. అన్యెల్లో మీద ఎవరి కోసం స్కార్పోని ఆగాడో, అతనే.

స్కార్పోని పేరు మీద పెట్టిన ఫౌండేషన్ ఇప్పుడు బడుల్లోనూ వీధుల్లోనూ రోడ్డు భద్రత గురించి చెబుతోంది. మన ఊళ్లలో తెల్లవారకముందే పాల క్యాన్లు, పేపర్ కట్టలు కట్టుకుని సైకిల్ మీద బయల్దేరేవాళ్లకు ఏ శిఖరమూ అంకితం కాదు. కానీ వాళ్ల కోసం కూడా ఒక ఇంట్లో ఎవరో ఎదురుచూస్తూనే ఉంటారు. బాధ్యత ఎవరిదని అడిగితే నాకు తోచే జవాబు ఒక్కటే. దారి అందరిదీ, జాగ్రత్తా అందరిదీ. కానీ బరువు ఎక్కువ ఎవరి చేతిలో ఉందో, ముందుగా చూడాల్సింది వాళ్లే, ముందుగా ఆగాల్సిందీ వాళ్లే. గెలుపు చేతికందే వేళ ఇంకొకరి కోసం కొండ మీద ఆగినవాడికి, కూడలిలో మనం ఒక్క క్షణం ఆగలేకపోయాం.