స్లైడులు వెబ్ పుటలైన కథ

ఉపాధ్యాయుడు పాఠమునకై సిద్ధపరచిన స్లైడులను ఏ ఊరి విద్యార్థియైనను తన బ్రౌజరులో తెరచి చూచుట నేడు సామాన్య విషయము. కాని స్లైడునకును వెబ్ పుటకును పుట్టుకలోనే పొత్తు లేదు.

1987లో ఫోర్‌థాట్ అను అమెరికా సంస్థ మెకింటాష్ యంత్రములకు పవర్‌పాయింటును విడుదల చేసెను. రాబర్ట్ గాస్కిన్స్, డెన్నిస్ ఆస్టిన్ దాని నిర్మాతలలో ముఖ్యులు. ఆ సంవత్సరముననే మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను 1 కోటి 40 లక్షల డాలర్లకు కొనెను. గోడపై ప్రసరింపజేయు పారదర్శక పత్రములను అచ్చువేయుటయే తొలినాళ్లలో దాని పని. కనుక స్లైడులో ప్రతి అక్షరమునకును నిర్ణీత స్థానము గలదు. 1989లో సెర్న్ ప్రయోగశాలలో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన వెబ్ మార్గము వేరు. ఇది శీర్షిక, ఇది పేరా అని మాత్రమే ఆ పుట చెప్పును. పంక్తిని ఎచ్చట విరువవలెనో నిర్ణయించునది బ్రౌజరు. నీరు పాత్రను బట్టి రూపము దాల్చుటలేదా?

ఈ చిక్కునకు తొలి ఉపాయము మోటుది. పవర్‌పాయింట్ 97 ఒక్కొక్క స్లైడును ఒక బొమ్మగా మార్చి పుటలో నిలిపెను. బొమ్మలోని మాటలను వెదకుటకు వీలులేదు; చూపులేనివారికి చదివి వినిపించు సాధనములకు అవి అందవు. పవర్‌పాయింట్ 2000 మాటలను మాటలుగానే ఉంచి, బొమ్మలను వేరొక ఫోల్డరులో చేర్చెను. ఆ ఫోల్డరును మరచి ప్రధాన పుటను మాత్రమే సర్వరునకు పంపినచో, పాఠము సరిగా కనబడదు. ఏ ఫైలు బొమ్మయో, ఏది పుటయో సర్వరు సరిగా తెలుపకున్నను బ్రౌజరు తికమకపడును.

తెలుగువారి విషయము మరియు విచిత్రము. పాత తెలుగు ఖతులలో ఆంగ్లాక్షరముల సంకేతములపై తెలుగు ఆకృతులు కూర్చబడియుండెను. ఆ ఖతి లేని యంత్రమున మాటలుగా మార్చిన పాఠము అర్థములేని రోమను అక్షరముల గుంపుగా కనబడెడిది. బొమ్మగా మార్చినది మాత్రము చక్కగా వచ్చెడిది. ఇతరులకు లోపమైనది తెలుగునకు దిక్కయ్యెను! 1991 నాటి యూనికోడు తెలుగు అక్షరములకు సొంత సంకేతములిచ్చినది. 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు గౌతమి ఖతి వచ్చిన పిమ్మట ఆ సంకేతములు క్రమముగా వాడుకలోనికి వచ్చినవి.

2006లో ఆరంభమైన స్లైడ్‌షేర్ ఈ మార్పిడిని సర్వరే చేయునట్లు ఏర్పరచెను. తొలుత అది ఫ్లాష్‌ను ఆశ్రయించి, 2011లో హెచ్.టి.ఎమ్.ఎల్.5నకు మారెను. 2020 చివర అడోబీ ఫ్లాష్‌కు మద్దతు మానగా, ఫ్లాష్ రూపమున మాత్రమే నిలిచిన పాఠములు సాధారణ బ్రౌజరులలో తెరచుకొనలేదు. మూల ఫైలును దాచుకొనినవారు దానిని మరల వెబ్ పుటగా మార్చుకొనగలిగిరి.