తుపాకీకి ఓర్పు పాఠాలు

పోలీసులకు ఓర్పు నేర్పడానికి 12.4 కోట్ల డాలర్లు మంజూరు చేస్తూ 2022 డిసెంబరులో అమెరికా చట్టం చేసింది. ఇప్పుడు వర్చువల్ రియాలిటీ కళ్ళజోడు పెట్టుకుని, అందులో కనిపించే మనోరోగిని శాంతపరచడం అక్కడి పోలీసుకు ఒక పాఠం. ఈ పాఠం వెనకనున్న చరిత్రను నేను మరచిపోలేను.

పెద్ద పిచ్చాసుపత్రుల బదులు జనం మధ్యే మానసిక వైద్యకేంద్రాలు పెడతామని 1963లో కెనెడీ ప్రభుత్వం మాట ఇచ్చింది. అనుకున్నన్ని పెట్టనేలేదు. 1981లో రీగన్ ప్రభుత్వం ఆ నిధులకూ కోత పెట్టింది. వైద్యుడు రావలసిన గడపలోకి పోలీసు వచ్చాడు.

1987 సెప్టెంబరులో మెంఫిస్ నగరంలో జోసెఫ్ డివేన్ రాబిన్సన్ అనే నల్లజాతి యువకుడు కత్తితో తన్ను తానే కోసుకుంటున్నాడు. తల్లి సాయం కోసం ఫోను చేసింది. వచ్చిన పోలీసులు అతన్ని కాల్చి చంపారు. జనం ఆగ్రహించారు. 1988లో అక్కడే పోలీసులకు 40 గంటల ప్రత్యేక శిక్షణ మొదలై, దేశమంతా పాకింది.

ఆ శిక్షణ కొన్ని ప్రాణాలు నిలిపివుండవచ్చు, కాదనను. కాని అదే మెంఫిస్‌లో 2023 జనవరిలో టైరీ నికొల్స్ పోలీసుల దెబ్బలకు చనిపోయాడు. కొరత పాఠాలది కాదు, జవాబుదారీతనానిది.

కళ్ళజోడుకు డబ్బుంది. ఆ తల్లి ఇంటికి వైద్యుణ్ణి పంపడానికి ఎందుకు లేకపోయింది?