చివరి సభ్యుడి దాకా నిలిచిన సంఘం

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి పంపమని కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది అమెరికాలోని ఒక మాజీ సైనికుల సంఘం. దాని పేరు గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ది రిపబ్లిక్. దేశం వేరు, కాలం వేరు. అయినా వారు ఎదుర్కొన్న ప్రశ్న మనది కూడా. పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చేదా, మనకు రావలసిన బాకీయా?

అమెరికాలో 1861 నుంచి 1865 వరకు ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం జరిగింది. దానికి మూలకారణం బానిసత్వం. ఉత్తరాది పక్షాన ఇరవై లక్షలకు పైగా సైనికులు పనిచేశారు. యుద్ధం ముగియగానే వారిలో అత్యధికులను ఇళ్లకు పంపేశారు. కాలో చెయ్యో పోయినవారు, జబ్బులతో తిరిగివచ్చినవారు, భర్తలను పోగొట్టుకున్న స్త్రీలు ఊరూరా మిగిలారు.

ఇల్లినాయ్ రాష్ట్రపు పటాలంలో వైద్యుడిగా పనిచేసిన బెంజమిన్ స్టీఫెన్‌సన్ 1866 ఏప్రిల్ 6న డెకేటర్ పట్టణంలో ఈ సంఘం తొలి శాఖను ప్రారంభించారు. శాఖను 'పోస్టు' అనేవారు. సౌభ్రాతృత్వం, దాతృత్వం, దేశం పట్ల విధేయత అన్న మూడు మాటలే వారి ఆశయం. ఉత్తరాది పక్షాన పనిచేసి గౌరవప్రదంగా విడుదలైన వారెవరైనా, జనరల్ అయినా సిపాయి అయినా, సభ్యులు కావచ్చు. 1868లో సంఘాధ్యక్షుడు జాన్ లోగన్ మే 30న అమరుల సమాధులపై పూలుంచాలని ఆదేశమిచ్చారు. నేడు అమెరికాలో జాతీయ సెలవుదినమైన మెమోరియల్ డే అలా దేశమంతా వ్యాపించింది.

అయితే తొలి ఉత్సాహం నిలవలేదు. రాజకీయాలు చొరబడ్డాయి. సభ్యులలో హెచ్చుతగ్గు శ్రేణులు పెట్టడంతో చాలామంది విసిగి తప్పుకున్నారు. 1871లో స్టీఫెన్‌సన్ కన్నుమూసే నాటికి సంఘం క్షీణదశలో ఉంది. 1870 దశకం మధ్యలో సభ్యత్వం ముప్పై వేల లోపుకు పడిపోయింది. మళ్లీ ప్రాణం పోసింది పెన్షను సమస్యే.

1862 నాటి చట్టం ప్రకారం పెన్షను కావాలంటే ఆ వైకల్యం సైనిక సేవలోనే కలిగిందని రుజువు చేయాలి. ఇరవై ఏళ్ల తర్వాత రుజువెక్కడ? పై అధికారి చనిపోయి ఉంటాడు, ఆసుపత్రి కాగితం దొరకదు. అప్పుడు అదే పటాలంలో పనిచేసిన మిత్రుడి సాక్ష్యమే ఆధారం. అలాంటి వారిని వెతికి పట్టుకోవడానికి సంఘం అక్కరకొచ్చింది. దీని విలువ నేను స్వయంగా చూశాను. నాతో పనిచేసి చనిపోయిన ఒక అటెండరు భార్యకు పేరులో ఒక అక్షరం తేడా వల్ల కుటుంబ పెన్షను ఆగిపోయింది. ఆమె ఆయన భార్యేనని ఇద్దరం పాత ఉద్యోగులం వెళ్లి సంతకాలు పెట్టాక గాని కాగితం కదలలేదు.

1887లో, సేవలో కలగని వైకల్యానికి కూడా పెన్షను ఇచ్చే బిల్లును అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ తిరస్కరించారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. ఇతర కారణాలూ ఉన్నాయి గాని మాజీ సైనికుల ఆగ్రహం కూడా అందులో ఒకటి. గెలిచిన హారిసన్ ఈ సంఘ సభ్యుడే. 1890 జూన్ 27 నాటి చట్టంతో, కనీసం 90 రోజులు పనిచేసి ఇప్పుడు శరీరశ్రమ చేయలేని ప్రతి సైనికుడికీ నెలకు 6 నుంచి 12 డాలర్ల పెన్షను లభించింది. స్వయంగా కష్టపడి బ్రతికే వితంతువులకూ ఇచ్చారు. ఆ ఏడాది సభ్యుల సంఖ్య 4,09,489. అంతకుమించి ఎన్నడూ లేదు.

లోపాలూ చెప్పుకోవాలి. దొంగ అర్జీలు వచ్చాయి. పెన్షన్ల భారం మితిమీరిందని విమర్శలు వచ్చాయి. ఉత్తరాది సైన్యంలో నల్లజాతివారు దాదాపు 1,80,000 మంది పనిచేశారు. నిబంధనల్లో వర్ణభేదం లేకున్నా చాలాచోట్ల వారి పోస్టులు వేరుగానే ఉండేవి. అయినా దక్షిణాది తెల్ల సభ్యులు కొందరు నల్లవారిని వేరే విభాగంగా పెట్టమని కోరితే, 1891లో డెట్రాయిట్ మహాసభ ఒప్పుకోలేదు. ఆ మాట ఈ సంఘానికి గౌరవం తెచ్చింది.

ఆ యుద్ధంలో పనిచేసిన వారికే సభ్యత్వం కనుక సంఖ్య ఏటేటా తరుగుతూ వచ్చింది. 1949లో ఇండియానాపొలిస్‌లో చివరి మహాసభ జరిగితే ఆరుగురే హాజరయ్యారు. చివరి సభ్యుడు ఆల్బర్ట్ వుల్సన్, సైన్యంలో డోలు వాయించిన కుర్రవాడు. 1956 ఆగస్టు 2న ఆయన మరణంతో సంఘం ముగిసింది. పెన్షను మాత్రం ముగియలేదు. ఆ యుద్ధ సైనికుడొకరి కుమార్తె 2020లో కన్నుమూసేవరకు నెలకు 73 డాలర్ల 13 సెంట్లు అందుకుంటూనే ఉన్నారు. యుద్ధం ముగిసి అప్పటికి 155 ఏళ్లు!

మన దేశంలో 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను దయాదాక్షిణ్యం కాదని తేల్చి చెప్పింది. ఆ తీర్పు సివిల్ పెన్షనర్లతోపాటు సైనిక పెన్షనర్లకూ వర్తించింది. అందుకే ఆ రోజును మనం పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నాము. హక్కు కాగితం మీదికి వచ్చింది. దాన్ని ప్రతి ఇంటికీ చేర్చవలసినది సంఘమే. సభ్యులందరూ తమ కుటుంబ పెన్షను కాగితాల్లో పేర్లు, పుట్టిన తేదీలు సరిగా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోవాలని, ఒంటరిగా ఉన్న మన సోదరీమణుల ఇళ్లకు శాఖల వారు వెళ్లి సాయపడాలని నా మనవి.