నడివయసులో పట్టుకునే ఆట: పది పిన్నుల బౌలింగ్ చరిత్ర చెప్పే ఆరోగ్యపాఠం



బౌలింగ్ అనగానే మన తెలుగువారికి క్రికెట్ మైదానమే కళ్ళ ముందు నిలుస్తుంది. ఈ వ్యాసంలో ప్రస్తావించబోయేది ఆ బౌలింగ్ కాదు. నునుపైన చెక్కబాట మీద బరువైన బంతిని దొర్లించి, ఆవలి చివర త్రికోణాకారంలో నిలిపిన పది పిన్నులను పడగొట్టే ఆట ఇది. దీనిని టెన్‌పిన్ బౌలింగ్ అంటారు. హైదరాబాదు వంటి నగరాలలోని వాణిజ్య సముదాయాలలో మీరు దీనిని చూసే ఉంటారు. పిల్లల పుట్టినరోజు వేడుకకో, సహోద్యోగులతో కాలక్షేపానికో వెళ్ళి ఒకటి రెండు ఆటలు ఆడి కూడా ఉంటారు.

ఆరోగ్య విషయాల నడుమ ఈ ఆట చరిత్ర ఎందుకన్న సందేహం మీకు కలగవచ్చు. వ్యాయామం మంచిదని తెలియనివారు నేడు లేరు. ప్రారంభించేవారికీ కొదువ లేదు. కొనసాగించేవారే అరుదు. నలభై దాటిన మనిషి తన శరీరాన్ని కదిలించే ఒక అలవాటును ఏండ్ల తరబడి విడవకుండా నిలుపుకొనడం ఎట్లా అన్నది ప్రతి వైద్యుణ్ణీ వేధించే ప్రశ్న. పెద్దవారు తమంతట తాము వెళ్ళి చిక్కుకొని, పాలకులు నిషేధించినా వదలని ఆట ఒకటి ఉన్నదంటే, ఆ ఆట చరిత్రలో ఈ ప్రశ్నకు కొంత సమాధానం దొరకాలి కదా!

నిషేధాలు చెప్పే నిజం

బంతిని దొర్లించి గురిని పడగొట్టాలన్న కోరిక చాలా పాతది. 19వ శతాబ్ది చివర పురాతత్త్వవేత్త ఫ్లిండర్స్ పీట్రీ ఈజిప్టులోని నకాడా వద్ద జరిపిన తవ్వకాలలో, ఒక శిశువు సమాధిలో చిన్న రాతిబంతులూ, నిలబెట్టదగిన రాతి పాత్రలూ లభించాయి. అవి ఇటువంటి ఆటకు చెందిన వస్తువులేనని ఆయన భావించాడు. వాటి వయసు ఐదువేల ఏండ్లకు పైమాటే.

ఐరోపాలో ఇది పెద్దల ఆటగా పెరిగింది. ఎంతగా పెరిగిందో తెలుసుకోవాలంటే పాలకుల శాసనాలను చూడాలి. 1541లో ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ కాలంలో ఒక చట్టం వచ్చింది. జనం విలువిద్యాభ్యాసం మాని ఆటలలో పడుతున్నారన్నది పాలకుల దిగులు. చేతివృత్తులవారూ, పనివారూ, సేవకులూ బంతి దొర్లించే ఆటలను క్రిస్మస్ దినాలలో తప్ప ఆడరాదని ఆ చట్టం శాసించింది. అదికూడా తమ యజమాని ఇంటనో, ఆయన సమక్షంలోనో ఆడాలి. ఏడాదికి 100 పౌండ్ల రాబడినిచ్చే భూములు గల ధనికుడు మాత్రం అనుమతి పొంది తన తోటలో ఆడుకోవచ్చును! ఈ నిషేధం 1845 వరకు చట్టపుస్తకాలలో నిలిచే ఉన్నది. మూడు వందల ఏండ్లు నిషేధించవలసి వచ్చిందంటే, మూడు వందల ఏండ్లూ జనం ఆడుతూనే ఉన్నారని అర్థం.

డచ్చివారూ, ఆ తరువాత జర్మన్లూ తొమ్మిది పిన్నుల ఆటను అమెరికాకు తీసుకొని వెళ్ళారు. అక్కడ అది పందేలతో ముడిపడింది. 1841లో కనెక్టికట్ రాష్ట్రం తొమ్మిది పిన్నుల ఆటను నిషేధించింది. నిషేధాన్ని తప్పించుకొనడానికే ఆటగాళ్ళు పదవ పిన్నును చేర్చారన్న కథ ప్రచారంలో ఉన్నది. కాని పది పిన్నుల ఆట అంతకు మునుపే ఉన్నదనడానికి ఆధారాలున్నాయి. కనుక దానిని ముచ్చటైన కథగా మాత్రమే స్వీకరించాలి. ఇక్కడ వైద్యునికి కనిపించే సంగతి వేరు. ఆట మనిషిని పట్టుకొనే శక్తి గలది. ఆ శక్తి వెంట జూదం నడిస్తే కుటుంబాలు కూలుతాయి, అభ్యాసం నడిస్తే శరీరం బాగుపడుతుంది.

కొలత వచ్చిన తరువాత

1895 సెప్టెంబరు 9న న్యూయార్కులో అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ ఏర్పడింది. అంతకు మునుపు ఊరికొక నియమం, శాలకొక కొలత. ఈ సంస్థ వచ్చాక అన్నీ స్థిరపడ్డాయి. గీత నుండి మొదటి పిన్ను వరకు 60 అడుగులు, బంతి బరువు 16 పౌండ్లకు, అనగా సుమారు 7.25 కిలోలకు మించరాదు, ఆటకు పది వంతులు, గరిష్ఠంగా 300 పాయింట్లు. ఒక్క బంతితో పది పిన్నులూ పడితే స్ట్రైక్. రెండవ బంతితో మిగిలినవి పడితే స్పేర్.

ఇది చిన్న మార్పుగా తోచవచ్చును. కాని పెద్దవయసులో నేర్చుకొనేవారికి ఇదే ప్రాణం. కొలత స్థిరపడినందున నిన్నటి నాతో నేటి నేను పోటీపడే అవకాశం ఏర్పడింది. నిన్న 92, నేడు 104. ఎదుటివాడు ఎంత గొప్పవాడైనా, ఈ 12 పాయింట్ల ఆనందాన్ని ఎవరూ తీసివేయలేరు. పైగా ఫలితం క్షణాలలో తెలుస్తుంది. రక్తపోటు తగ్గడానికి వారాలు పడుతుంది, నడుము సన్నబడడానికి నెలలు పడుతుంది. పిన్నులు మాత్రం బంతి చేరిన మరుక్షణమే తీర్పు చెబుతాయి. పైగా తప్పును దిద్దుకొనడానికి రెండవ బంతి సిద్ధంగా ఉంటుంది.

ఈ చరిత్రలో చీకటి కోణాలూ ఉన్నాయి. పడిన పిన్నులను తిరిగి నిలబెట్టడానికి పిన్‌బాయ్‌లనే కుర్రవాళ్ళు ఉండేవారు. బరువైన బంతులూ, ఎగిరిపడే పిన్నుల మధ్య, తక్కువ కూలికి, అర్ధరాత్రి దాకా పనిచేసేవారు. 1946లో పిన్నులను నిలిపే యంత్రాన్ని తొలిసారి బహిరంగంగా ప్రదర్శించారు. 1950ల దశకంలో అది శాలలన్నిటా వ్యాపించిన తరువాతనే ఆ ప్రమాదకరమైన పని తొలగిపోయింది. అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ స్త్రీలకు సభ్యత్వం ఇవ్వనందున వారు 1916లో తమ సొంత సంస్థను నెలకొల్పుకొన్నారు. శ్వేతజాతీయులకే పరిమితమన్న నిబంధన కారణంగా నల్లజాతీయులు 1939లో డెట్రాయిట్‌లో తమ సంస్థను స్థాపించుకొన్నారు. ఆ నిబంధన 1950లో గాని తొలగలేదు. శరీరాన్ని కదిలించే అవకాశం కూడా సమాజం పంచిపెట్టే సంపదలలో ఒకటని ఇది మనకు గుర్తుచేస్తుంది.

81తో మొదలుపెట్టిన స్త్రీ

మిచిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్ పట్టణంలో మారియన్ లాడ్‌విగ్ అనే స్త్రీ ఉండేది. ఆమె 1914లో జన్మించింది. సాఫ్ట్‌బాల్ ఆడేది. తన జట్టును పోషించే విలియం మోరిస్సీకి ఒక బౌలింగ్ శాల ఉన్నది. ఆయన ప్రోత్సాహంతో 1937లో, తన 22వ ఏట, ఆమె తొలిసారి బౌలింగ్ బంతిని పట్టుకొన్నది. ఆనాటి ఆమె పాయింట్లు 81. ఇవాళ మీరు మొదటిసారి వెళ్ళినా దాదాపు అంతే సాధించగలరు.

మోరిస్సీ ఆమెకు గురువైనాడు. క్రమం తప్పని అభ్యాసం ఆమెకు నిత్యకృత్యమైనది. 1949 నుండి 1963 వరకు అమెరికా స్త్రీల అగ్రశ్రేణి పోటీలో ఆమె ఎనిమిదిసార్లు విజేతగా నిలిచింది. 1951 పోటీలలో ఒకే దినాన ఎనిమిది ఆటలాడి 1,981 పాయింట్లు, అనగా ఆటకు సగటున 247 పైచిలుకు సాధించింది. ఆ దినం అక్కడ ఆడిన పురుషులలో ఏ ఒక్కరూ అంత సాధించలేదు. చివరి విజయం నాటికి ఆమె వయసు యాభైకి చేరువ. 2010లో, 95 ఏండ్ల వయసులో మరణించింది. ఆ దీర్ఘాయువుకు బౌలింగే కారణమని చెప్పడం శాస్త్రీయం కాదు. కాని 81కీ 247కీ నడుమనున్న దూరాన్ని ఆమె కండబలంతో దాటలేదు, మెళకువతో దాటిందని చెప్పవచ్చును.

మెళకువ అంటే ఏమిటి?

కొత్తవారు అందరూ చేసే పని ఒకటే: బంతిని బలంగా విసరడం. వైద్యుని దృష్టిలో నొప్పులకు మూలం అదే, ఆటగాని దృష్టిలో గురి తప్పడానికి మూలమూ అదే. మీరు ఈ ఆటను మొదలుపెట్టదలిస్తే ఈ అంశాలను గమనించండి.

మొదటిది, చేయి గడియారపు లోలకం వలె ఊగాలి. భుజం నుండి వదులుగా వ్రేలాడే చేతిని బంతి బరువే వెనుకకూ ముందుకూ తీసుకొనిపోతుంది. భుజం కండరాలు బిగిస్తే లోలకం వంకరపోతుంది. రెండవది, అడుగులు. సాధారణంగా నాలుగు అడుగులు వేస్తారు. మొదటి అడుగుతోపాటే బంతిని ముందుకు చాచాలి. చివరి అడుగు నేలపై జారుతూ ఆగాలి. అప్పుడు మోకాలు వంగుతుంది, నడుము నిలుస్తుంది. మూడవది, చూపు. పిన్నులు 60 అడుగుల దూరంలో ఉంటాయి. గీత దాటిన తరువాత సుమారు 15 అడుగుల దూరంలో ఏడు బాణపు గుర్తులు ఉంటాయి. అనుభవజ్ఞులు పిన్నులను చూడరు, ఆ బాణాలలో ఒకదానిని చూస్తారు. దగ్గరి గురిని సాధించినవారికి దూరపు గురి దానంతట అదే లభిస్తుంది. నాలుగవది, స్పేర్. స్ట్రైక్ చప్పట్లను తెస్తుంది, స్పేర్ పాయింట్లను నిలుపుతుంది. మొదలుపెట్టినవారు మిగిలిన పిన్నులను పడగొట్టడం నేర్చుకొంటేనే సగటు పెరుగుతుంది.

ఇక్కడ ఒక విశేషం వినండి. కుడిచేతివాటం ఆటగాని చక్కని స్ట్రైక్‌లో బంతి స్వయంగా తాకేది నాలుగు పిన్నులనే. తక్కిన ఆరింటినీ పిన్నులే ఒకదాన్నొకటి పడగొడతాయి. సరైన చోట, సరైన కోణంలో తాకితే చాలును, బలం అక్కరలేదు. నడివయసు శరీరానికి ఇంతకంటె ఊరటనిచ్చే మాట మరొకటి ఉన్నదా?

తొలినాళ్ళలో బంతులను లిగ్నమ్ వైటే అనే గట్టి కలపతో చేసేవారు. 20వ శతాబ్ది ఆరంభంలో రబ్బరు బంతి, ఆ తరువాత ప్లాస్టిక్, 1990ల దశకంలో లేన్‌ను గట్టిగా పట్టుకొని మలుపు తిరిగే కొత్త రెసిన్ బంతులు వచ్చాయి. వస్తువు మారినకొద్దీ ఎక్కువ మలుపు తేలికైనది. కాని లోలకమూ, అడుగులూ, చూపూ మాత్రం లాడ్‌విగ్ నాటివే. ఖరీదైన బంతి కొనుగోలు చేయడం మెళకువకు ప్రత్యామ్నాయం కాదు.

వైద్యుని హెచ్చరికలు

ఈ ఆట నడకకు బదులు కాదు. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. బౌలింగ్‌లో రెండు వంతుల నడుమ కూర్చొనే సమయమే ఎక్కువ. కనుక దానిని అదనపు లాభంగా భావించండి: సమతౌల్యం, కాళ్ళ పటుత్వం, కంటికీ చేతికీ పొందిక, మనసుకు ఉల్లాసం.

బొటనవ్రేలి రంధ్రం ఇరుకుగా ఉంటే, దాని అంచు పదే పదే నరాన్ని నొక్కి తిమ్మిరి, నొప్పి కలుగుతాయి. దీనికి వైద్యశాస్త్రంలో 'బౌలర్ బొటనవ్రేలు' అనే పేరే ఉన్నది. తిమ్మిరి వస్తే ఆట ఆపండి, సరిపడే బంతిని ఎంచుకొనండి. మొదట తేలికైన బంతితో ఆరంభించండి. పదునైదు సార్లు వేసిన తరువాత కూడా చేయి వణకకుండా ఉంటే అది మీకు తగిన బరువు. బంతిని రెండు చేతులతో, మోకాళ్ళు వంచి ఎత్తండి. బూట్లు తడి కాకుండా చూసుకొనండి, తడిసిన అడుగు జారక ఒక్కసారిగా పట్టేస్తుంది, మనిషి ముందుకు పడతాడు. గుండె జబ్బు, వెన్నుపూసల సమస్య, భుజం కీలు బిగుసుకొనడం, ఎముకల బలహీనత ఉన్నవారూ, ఇటీవల కంటి శస్త్రచికిత్స జరిగినవారూ తమ వైద్యుని సంప్రదించిన తరువాతనే ఆడాలి. ఆటశాలలో దొరికే వేపుళ్ళూ, తీపి పానీయాలూ, మద్యమూ, ఆట ఇచ్చిన కొద్దిపాటి లాభాన్ని హరించివేస్తాయని మరువకండి. డబ్బు పందెం దరిచేరనీయకండి.

ఒంటరి బంతి

అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ పుట్నమ్ 1995లో ఒక ఆసక్తికరమైన విషయాన్ని ఎత్తిచూపాడు. 1980కీ 1993కీ నడుమ ఆ దేశంలో బౌలింగ్ ఆడేవారి సంఖ్య పది శాతం పెరిగింది. కాని జట్లుగా చేరి వారం వారం లీగులలో ఆడడం నలభై శాతం తగ్గింది. ఆటగాళ్ళు పెరిగారు, తోడు తగ్గింది. పరస్పర బంధాలు సన్నగిల్లుతున్న సమాజానికి ఆయన దీనిని సంకేతంగా చూపాడు.

ఆరంభంలో వేసుకొన్న ప్రశ్నకు ఇక్కడ సమాధానం పూర్తవుతుంది. పెద్దవయసు మనిషిని ఒక అలవాటులో నిలిపేవి ఉపదేశాలు కావు. నేడు నిన్నటికంటె కొంచెం మెరుగయ్యానన్న తృప్తి ఒకటి, మంగళవారం సాయంత్రం నేను రాకపోతే 'ఏమయ్యాడో' అని అడిగే మనిషి ఒకరు. ఈ రెండూ కలిసినచోట అలవాటు నిలుస్తుంది.

అందుచేత, పాఠకులారా, బౌలింగే ఆడమని నేను మిమ్మల్ని కోరడం లేదు. మన ఊళ్ళలో అందరికీ అది అందుబాటులోనూ లేదు, చవకా కాదు. షటిల్ ఆడండి, ఈత నేర్చుకొనండి, యోగాసనాలు అభ్యసించండి. ఏది ఎంచుకొన్నా రెండు పనులు మాత్రం చేయండి. మీ ప్రగతిని ఒక పుస్తకంలో వ్రాసుకొనండి. వారంలో ఒక నిర్ణీత దినాన, నిర్ణీత సమయాన మీతో కలిసి వచ్చే ఒక్కరినైనా సంపాదించుకొనండి. ఎంత చిన్న సంఖ్యతో మొదలైనా సిగ్గుపడకండి. ఎనిమిదిసార్లు విజేతగా నిలిచిన స్త్రీ మొదటి పంక్తి కూడా 81 మాత్రమే.

ఆరోగ్యమస్తు.